గోడ గుట్టు

నేను డ్రిల్లింగ్ మిషన్ని. 600 వాట్లు, బిట్టు బిగించే 13 మిల్లీమీటర్ల చక్కు, నెత్తిన సుత్తి బొమ్మ ఉన్న మీట ఒకటి. ఒంటి మీద చదరంలో చదరం గుర్తు ఉంటుంది, డబుల్ ఇన్సులేషన్ అని. అందుకే నాకు ఎర్త్ పిన్ను లేదు. ఆ సంగతి తెలియనివాళ్లు నా ప్లగ్గు చూసి, మూడో కాలు ఎవరు విరిచారని అడుగుతుంటారు. వంశం పాతదే. 1889లో మెల్‌బోర్న్‌లో ఆర్నాట్, బ్రెయిన్ అనే ఇద్దరు కరెంటు డ్రిల్లుకు పేటెంటు తీసుకున్నారు. 1917లో అమెరికాలో బ్లాక్, డెకర్ పేటెంటు పొందిన మిషనుతో మాకు పిస్తోలు పిడి, వేలితో నొక్కే మీట వచ్చాయి. నన్ను చేతపట్టిన ప్రతివాళ్లకీ కాస్త వీరావేశం రావడానికి కారణం ఆ పిడే అనుకుంటాను.

నన్ను కొన్నది తెనాలి అమ్మాయి. గ్రేటర్ నోయిడా వెస్ట్‌లో ఏక్ మూర్తి చౌక్ దాటాక, పద్దెనిమిదో అంతస్తులో కాపురం. కర్టెన్ రాడ్డు బిగించడానికి వచ్చినవాడు రెండు బిట్లు అరగదీసుకుని, గోడది తప్పని తేల్చి, వస్తానని చెప్పి మరి రాలేదు. అమ్మాయికి ఒళ్లు మండింది. బిస్రఖ్ వెళ్లే దారిలో హార్డ్‌వేర్ కొట్టుకెళ్లి నన్నూ, నాలుగు బిట్లనీ, కన్నంలో మరని పట్టి ఉంచే ప్లాస్టిక్ గిట్టీలు ఒక ప్యాకెట్నీ తెచ్చుకుంది. బిస్రఖ్ అంటే రావణుడు పుట్టిన ఊరని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు, దసరాకి దిష్టిబొమ్మ కాల్చరు. నా గొంతుకి తగ్గ ఊరే.

గోడ గురించి ఆ పారిపోయినవాడు చెప్పింది అబద్ధం కాదు. ఇక్కడి చాలా టవర్లలో గోడకి ఇటుక లేదు. అల్యూమినియం అచ్చులు నిలబెట్టి, గోడలూ శ్లాబూ కలిపి కాంక్రీటు పోసేస్తారు. మేస్త్రీలు మైవాన్ అంటారు. పైపులూ, వైర్ల గొట్టాలూ పోతకు ముందే లోపల ఇరికించి ఉంటాయి. అలాంటి గోడకి అసలు మొగుడు నేను కాదు, లోపల పిస్టన్‌తో కొట్టే రోటరీ హామర్. నాలో రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి గడగడలాడతాయి, అంతే. చప్పుడు ఎక్కువ, దెబ్బ తక్కువ. అయినా కర్టెన్ రాడ్డుకి చాలు, పట్టుకునే మనిషికి ఓపికుంటే.

ఆ ఓపిక నేర్పింది వాళ్ల నాన్న. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా రిటైరయి, చలికాలం వద్దన్నా వినకుండా కూతురి దగ్గరికొచ్చి, మఫ్లర్ చుట్టుకుని బాల్కనీలో కూర్చున్న మనిషి.

"ముందు సుత్తి మీట వేయకమ్మా. ఉత్తినే తిప్పి చిన్న గుంట పడనియ్యి. తర్వాత కొట్టు."

కన్నం కింద పాత కవరొకటి టేపుతో అంటించారు. అందులోకి రాలే పొడి చూడమన్నాడాయన. మొదట తెల్లగా, మెత్తగా వచ్చింది: పుట్టీ. తర్వాత బూడిద రంగు, గరుగ్గా: కాంక్రీటు. ఎర్రగా వస్తే ఇటుక. లేత బూడిద రంగులో, పిండిలా, అడక్కుండానే రాలిపోతుంటే ఏఏసీ అనే తేలిక కాంక్రీటు బ్లాకు. అక్కడ సుత్తి మీట వేస్తే కన్నం వెడల్పయి గిట్టీ ఊడి చేతికొస్తుంది. ఉన్నట్టుండి పొడి ఆగి, నా గొంతు సన్నబడి కీచుమంటే ఇనుప ఊచ తగిలినట్టు. మామూలుగా అక్కడే మగవాళ్లకి పౌరుషం వస్తుంది. ఈ అమ్మాయి నన్ను వెనక్కి లాగి, ఒక అంగుళం పక్కకి జరిగింది. మూడో కన్నానికి నాన్న చెప్పకముందే చెవి ఒగ్గి వింటోంది. అల్లుడుగారు మాత్రం కుర్చీ పట్టుకుని, "ఇంకొంచెం గట్టిగా నొక్కితే సరి కదా మామయ్యగారూ" అన్నారు. ఎవరూ బదులివ్వలేదు.

నన్ను ముట్టనివ్వని చోట్లు కూడా ఆయనే గీశాడు. స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా వద్దు, వైరు సాధారణంగా అటే పోతుంది. కుళాయికి నిలువునా వద్దు, పైపుంటుంది. బోర్డు మార్చే రోజున అయితే కూతుర్ని ఒకటే అడిగాడు: "ఎల్‌సీ తీసుకున్నావా?" స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోనిదే తీగ ముట్టని ఉద్యోగం ఆయనది. ఆ ఇంట్లో ఎల్‌సీ అంటే ఎంసీబీ దించి, దాని మీద టేపు అంటించి, ఇంట్లో అందరికీ చెప్పడం. ఆ వేళకి కరెంటు పోయింది. అల్లుడుగారు, "ఎలాగూ పోయిందిగా, కానిచ్చేద్దాం" అన్నారు. తెనాలిలో అయితే అందరూ చేసే పనే. కానీ ఇక్కడ టవర్ కింద జనరేటరుంది. ఆ మాట నోట్లో ఉండగానే ఫ్యాను తిరిగింది. పెద్దాయన ఏమీ అనలేదు, కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఎంసీబీలుండే డీబీ పెట్టెలో ఆర్‌సీసీబీ టెస్టు బొత్తాం నొక్కి, అది టప్పున పడేదాకా నిలబడ్డాడు. 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పడితే చాలు, అది కరెంటు కోసేయాలి. పడకపోతే మార్పించాల్సిందే, అది మాత్రం లైసెన్సున్నవాడి చేత.

నీళ్ల పని నాది కాదు గనక త్వరగా చెప్పేస్తాను. ఇక్కడి బోరు నీళ్లకి కుళాయి మూతి జల్లెడ సున్నం కట్టి మూసుకుపోతుంది. ఊడదీసి వెనిగర్‌లో నానబెడితే ధార వస్తుంది. కారే జాయింటుకి తెల్ల టేపు మరలు బిగిసే వైపే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు అదీ ఊడి వస్తుంది. ఇదంతా పానా పెత్తనం. నేను పెట్టెలో పడుకుని విన్నాను.

పెట్టెలో ఎక్కువ కాలం లేనులెండి. తెలుగువాళ్ల వాట్సాప్ గుంపులో నా ఫొటో పడింది. అద్దానికొకరు, అల్మరా పలకకొకరు, దేవుడి మందిరానికొకరు తీసుకెళ్లారు. బిట్లు పోయినా ఫరవాలేదు, చక్కు తాళం పోతే నేను ఉత్త బొమ్మని. అందుకే పెద్దాయన దాన్ని నా వైరుకి దారంతో కట్టాడు. అప్పటి నుంచి అమ్మాయి నన్ను ఒంటరిగా పంపడం మానేసి తనే వెంట వస్తోంది.

నిన్న ఏడో అంతస్తులో విశాఖ పిన్నిగారింటికి వెళ్లాం. 55 అంగుళాల టీవీ, గోడకి వేలాడాలి. అమ్మాయి వేలి కణుపుతో గోడ తట్టింది. డొల్లగా మోగింది.

"ముందు స్టాండ్ వెనక్కి పోయే చోట చిన్న కన్నం వేసి పొడి చూద్దాం పిన్నిగారూ. బ్లాకు గోడైతే ఈ గిట్టీలు ఆగవు, పొడుగువి తెచ్చుకోవాలి."

"చూద్దువుగాని, ముందు కాఫీ తాగు. రెండయింది, నాలుగు కొట్టేదాకా ఈ టవర్లో చప్పుడు చేయనివ్వరు."