శివరాత్రి గురువు

మా ఎదురింటి కుర్రాడు సంక్రాంతికి డీమ్యాట్ ఖాతా తెరిచాడు. శివరాత్రికల్లా ఆప్షన్స్ ట్రేడింగ్ పాఠాలు మొదలెట్టాడు. ఫీజు రూ.4,999. "నీకే ఇంకా పూర్తిగా రాదు కదరా?" అన్నాను. "నేర్పితేనే కదా బాబాయ్ బాగా వచ్చేది!" అన్నాడు. మాట బాగానే ఉంది. ఎవరి డబ్బుతో వస్తుందన్నదే పేచీ.

ఓసారి గదిలోకి తొంగి చూశాను. తెల్లబోర్డు నిండా ఎర్ర గీతలు, పచ్చ గీతలు. 'పుట్' అంటే ఏంటి సార్ అని ఓ శిష్యుడు అడిగాడు. "అది రెండో బ్యాచ్‌లో" అన్నాడు గురువు. పాపం, ఆ పాఠం వీడింకా చూడలేదు.

2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని 2024లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది. పోయింది రూ.1.8 లక్షల కోట్ల పైమాటే. మిగిలిన ఏడు శాతం మంది ఎక్కడున్నారో గానీ, బోర్డు పెట్టిన ప్రతివాడూ తాను అందులోవాడినే అంటాడు.

పాఠాల పేరుతో గత మూడు నెలల షేర్ల ధరలు వాడొద్దని 2025 జనవరిలో సెబీ చెప్పింది. మావాడికొచ్చిన చిక్కల్లా అక్కడే: వాడి అనుభవం మొత్తం ఆ మూడు నెలల్లోనే ఉంది!

ఫీజు కట్టబోయే వారికో మనవి. ముందు గురువుగారి లాభనష్టాల స్టేట్‌మెంట్ చూపించమనండి. నేనూ అడిగాను. నెట్ సరిగా లేదన్నాడు.