గ్యాసే లెండి!

తెలుగువాడి ఛాతీలో గుండె ఉండదు, గ్యాస్ ఉంటుంది. ఎడమపక్క పట్టేసినా గ్యాసే, దవడ లాగినా గ్యాసే. చెమటలు కారి బనీను తడిసిపోతే, రాత్రి తిన్న బజ్జీల్లో శనగపిండి మంచిది కాదంటాడు.

మొన్న సంక్రాంతికి మా బాబాయికి తెల్లవారుజామున నాలుగింటికి ఛాతీ మీద రోలు పెట్టినట్టుగా ఉంది. వైద్యం వెంటనే మొదలైంది. పిన్ని వామునీళ్ళిచ్చింది. పక్కింటాయన ఈనో ప్యాకెట్టు పట్టుకొచ్చాడు. ఆరింటికి మెడికల్ షాపు అబ్బాయిని నిద్రలేపి రెండు గ్యాస్ బిళ్ళలు తెచ్చారు. ఏడింటికి అల్లుడు వాట్సాప్ తెరిచి, "గట్టిగా దగ్గండి మావయ్యా, దగ్గితే గుండెపోటు ఆగిపోతుందట" అన్నాడు. అలాంటిదేమీ లేదని గుండె డాక్టర్లు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. అయినా, గ్యాసైతే దగ్గడం దేనికని అక్కడ ఎవరూ అడగలేదు. బాబాయి దగ్గాడు.

108 నంబరు 2005 నుంచి ఉంది. మా ఇంట్లో చంటిపిల్లకి కూడా నోటికొచ్చు. కానీ ఇంటి ముందు అంబులెన్సు ఆగితే వీధిలో నలుగురూ ఏమనుకుంటారు? పైగా పండగపూట. ఎనిమిదింటికి ఆటోలో తీసుకెళ్ళారు. ఈసీజీ తియ్యడానికి పట్టింది ఐదు నిమిషాలు.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?" అన్నాడు డాక్టరు.

"ఇప్పుడేనండీ" అన్నారు ముక్తకంఠంతో.

రక్తం అందని గుండె కండరం నిమిషనిమిషానికీ చచ్చుబడుతుంది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను ఎంత త్వరగా పడితే అంత మేలు. అందుకే డాక్టరు టైము అడిగేది. మావాళ్ళు దాన్ని పరువు ప్రశ్న అనుకున్నారు. రెండు స్టెంట్లు పడ్డాయి. బాబాయి ఇప్పుడు కులాసాగానే ఉన్నాడు. "ముందు గ్యాసే రా, తర్వాత అది గుండెకెక్కింది" అంటాడు.

మనకి అవగాహన లేదని మాత్రం అనకండి. ఏటా సెప్టెంబరు 29న ప్రపంచ హృదయ దినోత్సవం ఘనంగా జరుపుకుంటాం. ఫ్లెక్సీ మీద పద్నాలుగు మంది నాయకుల తలకాయలు, మూలన ఉసిరికాయంత గుండె. ఆరింటికి నడకన్నారు, ముఖ్య అతిథి ఎనిమిదిన్నరకి కారు దిగి నాలుగడుగులు వేసి ఎక్కేశారు. ఎర్ర బుడగలు గాల్లోకి వదిలారు. ఆ తర్వాత పూరీలు, గారెలు. నూనె తగ్గించాలని ప్రసంగించినాయనకే మొదటి వాయి.

ఆ బ్యానరు పట్టుకుని ఎండలో నిలబడ్డది ఎవరనుకున్నారు? ఆశా కార్యకర్తలు. ముప్పై దాటినవాళ్ళకి బీపీ, షుగరు చూడటానికి ఏఎన్‌ఎంతో కలిసి ఇల్లిల్లూ తిరిగేది వాళ్ళే. ఆ రోజు మాత్రం ర్యాలీకి జనం తక్కువయ్యారని పట్టుకొచ్చారు.

మామూలు రోజుల్లో వాళ్ళకి జరిగే మర్యాద ఇంకో రకం. కుక్కని కట్టెయ్యరు గానీ తలుపు మాత్రం సగమే తీస్తారు. "మాకు బీపీ లేదమ్మా." చూడకుండా ఎలా తెలుసో! తలనొప్పీ కళ్ళు తిరగడమూ ఏవీ లేకుండానే బీపీ ఏళ్ళకేళ్ళు కాపురం చేస్తుందని ఆశా చెప్పబోతుంది. ఈలోగా సీరియల్ మొదలవుతుంది. ఎదురింటాయన కొంచెం నయం, చెయ్యి చాచాడు. 160/100. ఉచితంగా మందులిచ్చారు, నెల వాడాడు, 130కి దిగింది, మానేశాడు. "నార్మల్‌కి వచ్చేసిందిగా!" గొడుగు కింద తడవట్లేదని గొడుగు పారేసే మనిషి. ఉప్పు కూడా తగ్గించాడట, కూరల్లో. ఆవకాయ లెక్కలోకి రాదు. రోజు మొత్తానికి ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే ఒక టీ చెంచా. ఆయన అందులో చాలా భాగాన్ని పొద్దున ఇడ్లీ మీద కారప్పొడితోనే గట్టెక్కించేస్తాడు.

బస్తీ దవాఖానాలో, గ్రామ ఆరోగ్య కేంద్రంలో ఈ బీపీ పరీక్ష పైసా లేకుండా చేస్తారు. పైసా లేకుండా చేస్తారు కాబట్టే మనకి నమ్మకం లేదు. అదే పరీక్షని ఏసీ గదిలో, 'ఎగ్జిక్యూటివ్ ప్యాకేజీ' పేరుతో వేలు తీసుకుని చేస్తే ఫైలు బీరువాలో దాచుకుంటాం.

ఈసారి ఆశా మీ గుమ్మంలో నిలబడితే తలుపు పూర్తిగా తెరిచి చెయ్యి చాచండి. చల్లటి మంచినీళ్ళు కూడా ఇవ్వండి, ఆ పూటకి ఆవిడకది పదిహేడో గుమ్మం. ఛాతీ పట్టేస్తే మటుకు వామునీళ్ళు కాచకండి, 108 కొట్టండి. వీధిలోవాళ్ళు ఏమనుకుంటారో ఇంటికి తిరిగొచ్చాక కనుక్కోవచ్చు.