జాబ్‌కార్డ్ సంజీవని

మూలం:

చమురు మార్చినాము చక్రాలు కడిగాము
బిల్లు వచ్చె సారు వేయి మీరె
గడువు దాటెనేని గల్లంతు వారంటి
బయటివారి చేయి పడిన చాలు

అవతారిక: ఇందులో ఛందస్సు నాది, భావం నాది కాదు. కోలారు హైవే పక్కన ఒకానొక షోరూమ్‌లో గాజుబల్ల వెనక కూర్చున్న సర్వీస్ అడ్వైజర్ సగం ఇంగ్లీషులో, సగం కన్నడంలో సెలవిచ్చిన దాన్ని ఆటవెలదిలోకి ఎక్కించానంతే. ఇంతటి అర్థగాంభీర్యమున్న వాక్కుకి వ్యాఖ్యానం లేకపోతే మన జాతికే తలవంపులు. కాళిదాసు కావ్యాలకి సంజీవని రాసిన కోలాచల మల్లినాథసూరి మెతుకుసీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాటిచ్చి మరీ మొదలుపెట్టాడు. మొదటి నియమం షోరూమ్ వాళ్లు పాటించరు. రెండోది నేను పాటించను.

ప్రతిపదార్థం: చక్రాలు = చక్రాలు; సారు = నేను; బిల్లు = బిల్లే. తేలిక మాటలు ఇంతటితో సరి.

మార్చినాము = ఇక్కడ కర్త లేడు. ‘మేము’ అని అధ్యాహారం చేసుకోవాలి. ఎవరా మేము? అడ్వైజర్ అందామా, ఆయన చొక్కా ఇస్త్రీ మడత ఇంకా నలగలేదు. కంపెనీ అందామా, దానికి చేతులు లేవు. అసలు మార్చినవాడు గాజు తలుపు అవతల ఉన్నాడు. ఆ తలుపు మీద కస్టమర్లకు ప్రవేశం లేదని రాసి ఉంది. ఐటిఐ చదివి వచ్చిన కుర్రాడెవరో అయి ఉంటాడు. గాలి గన్ను పెట్టి డ్రెయిన్ బోల్టుని టర్రుమని బిగిస్తాడు. అల్యూమినియం కేసులో మరలు అరిగిపోయేది ఆ టర్రుతోనే. అరిగిన సంగతి మనకి తర్వాతెప్పుడో, స్టాండు కింద నల్లటి చుక్క పడినప్పుడు తెలుస్తుంది. బోల్టు కింద రాగి వాషరు మార్చాడా? బిల్లులో లేదు. పాత ఆయిల్ పూర్తిగా కారేదాకా ఆగాడా? చూసినవాళ్లు లేరు. ‘నా ఎదుట తియ్యండయ్యా’ అంటే, ‘సేఫ్టీ సార్’ అన్నాడు. నా బండి ఆయిల్ నేను చూస్తే ఎవరి సేఫ్టీకి భంగమో ఏ వ్యాఖ్యాతా తేల్చలేదు.

వ్యాకరణ విశేషం: ‘మార్చినాము’ గ్రాంథికం, ‘కడిగాము’ వ్యావహారికం. పాత ఆయిల్ పూర్తిగా దించకుండా కొత్తది పోస్తే ఇలాగే ఉంటుంది.

చమురు = 10డబ్ల్యూ30 అని డబ్బా మీద ఉండేది మంత్రమే కనక, వినియోగం చెప్పాలి. దీనికి 1905లో అమెరికాలో పుట్టిన ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం ఎస్.ఏ.ఈ. ఋషి. జిగురుతనం దేవత. డబ్ల్యూ బీజం, అది చలికాలాన్ని సూచిస్తుంది, బరువుని కాదు. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది, వెనకున్న అంకె ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. జాసో ఎం.ఏ. అన్న ముద్ర కీలకం. గేర్ల బండ్లలో క్లచ్చు ప్లేట్లు ఈ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. రాపిడి తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ పోస్తే క్లచ్చు జారొచ్చు. అందుకే జపాన్‌వాళ్లు ఈ ముద్ర పెట్టారు. ఇంతే రహస్యం. డబ్బా మీద అచ్చేసి, ఓనర్ మాన్యువల్‌లో ఇంకోసారి అచ్చేసి, షోరూమ్‌లో మాత్రం గురుముఖంగా వినాలంటారు.

వేయి మీరె = ఇందులో ఆయిల్ వాటా సగం కూడా లేదు. మిగతాది లేబరు, వాషింగు, పైన 18 శాతం జీఎస్టీ. వీటన్నిటి నడుమ ‘కన్స్యూమబుల్స్’ అనే ఒక గీత. అది బ్రహ్మపదార్థం, నేతి నేతి అనుకుంటూనే పట్టాలి. గ్రీజు కాదు, దానికి వేరే గీత ఉంది. చైను స్ప్రే కాదు, అది కిందుంది. అడిగితే అడ్వైజర్ ‘సిస్టమ్‌లో అట్లే వస్తుంది సార్’ అన్నాడు. అపౌరుషేయం అంటే ఇదే కాబోలు.

గడువు = ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది. మా కోలారు గోల్డ్‌ఫీల్డ్స్ బండ్ల సంగతి వేరు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక ఊరు ఊరంతా మారికుప్పం రైలెక్కి బెంగళూరుకి కూలికీ కొలువుకీ పోతోంది. బండి ఇంటినుంచి ఊరిగాం స్టేషన్‌కీ, స్టేషన్‌నుంచి ఇంటికీ తిరుగుతుంది, మిగతా పగలంతా స్టాండులో ఎండుతుంది. దానికి ఎప్పుడూ నెలలే ముందొస్తాయి. ఇందులో దోపిడీ వెతకబోయిన వ్యాఖ్యాత కాస్త తగ్గాలి. పొట్టి దూరాలకి ఇంజిన్ సరిగ్గా కాగదు. చెమ్మా, కాలని పెట్రోలూ ఆయిల్‌లోనే మిగిలిపోతాయి. నెలల లెక్క అబద్ధం కాదు. ఆయిల్ నల్లబడిందని చూపించి భయపెట్టడం మాత్రం అబద్ధమే. మసిని తనలో పట్టుకుని తిరగడం దాని ఉద్యోగం, నల్లబడిందంటే పని చేస్తోందని.

బయటివారి చేయి = ఈ సమాసం దగ్గర ఆగక తప్పదు.

బయటివారంటే ఎవరు? మా ఊరి రాబర్ట్‌సన్‌పేట మెకానిక్కు. సరే. బండి సొంతదారు. అది కూడా సరేనట. అడ్వైజర్ శాస్త్రంలో నేనూ బయటివాణ్నే. ఈ మాట ఇంకెక్కడైనా చెల్లుతుందేమో కాని, ఈ ఊళ్లో చెల్లదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, గని కార్మికుల లైన్లలో తమిళం మాట్లాడే ఈ ఊరికి ఉమ్మడి భాష ఒకటుంది: స్పానరు, గ్రీజు, వైండరు, కేజు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది మొదలు నూటఇరవయ్యేళ్లు ఇక్కడి చేతులు యంత్రాల కడుపులోనే ఉన్నాయి. 1902లో శివసముద్రంలో పుట్టిన కరెంటు దాదాపు 150 కిలోమీటర్లు తీగల మీద నడిచి ముందు వచ్చింది బెంగళూరుకి కాదు, ఇక్కడి గనులకి. చాంపియన్ రీఫ్ గనిలో నేలలోపలికి మూడు కిలోమీటర్లు దాటి దిగారు. అంత లోతుకి మనుషుల్ని దించి మళ్లీ పైకి తెచ్చేది ఒక ఇనప తాడు. ఆ తాడుని రోజూ తడిమి చూడాలని నిబంధన. తీగ ఒక్కటి పైకి లేచిందా అని గుడ్డ పట్టుకుని, తాడు మెల్లగా జారుతుండగా చూసేవాళ్లు. గుడ్డకి తీగ తగులుకుంటే ఆ చప్పుడే వేరంటాడు మా వీధి మామ. ఆ తాడుని చుట్టే వైండింగ్ షెడ్డులో ఆయన ఫిట్టరుగా చేశాడు. వైండరు డ్రమ్ము బేరింగుకి ఆయిల్ ఎక్కువైతే ఎలా తెలుస్తుంది, తక్కువైతే ఎలా తెలుస్తుంది, ఏ వేడి చేతికి ఓర్చేది, ఏది ఓర్వనిది, ఇవన్నీ ఆయన చెబుతుంటే టీ చల్లారిపోతుంది. గనులు 1956లో మైసూరు సర్కారువయ్యాయి, తర్వాత కేంద్రానివి. బోర్డు మీద పేర్లు మారాయి, డ్రమ్ము దగ్గర చేతులు మారలేదు. 1964లో మొదలైన బి.ఇ.ఎం.ఎల్. ఈ పక్కనే బుల్‌డోజర్లు కట్టింది, ఈ వీధుల పిల్లలే పోయి కట్టారు. ఇదంతా ఆటవెలదికి ఏం సంబంధమంటారా? మల్లినాథుడైతే ఇక్కడ రాసేవాడు కాదు.

వారంటీ సంగతి మామకి చెప్పాను.

‘రోపు తెగితే వారంటీ ఎవురిచ్చేదప్పా? మేమే చూసుకుంటా ఉంటిమి’ అన్నాడు. అని, లోపలికి పోయి 17 నంబరు స్పానరు తెచ్చాడు.

ఆయన పద్ధతి: ఇంజిన్ నాలుగు నిముషాలు తిప్పాలి, వేడెక్కితే ఆయిల్ పలచబడి మసితో సహా దిగుతుంది. మెయిన్ స్టాండు వెయ్యాలి. బోల్టు తీశాక బేసిన్‌లో ధార సన్నబడి, చుక్కలై, చుక్కలూ ఆగేదాకా బండి ముట్టుకోకూడదు. కొత్త వాషరు వేసి బోల్టుని ముందు వేళ్లతోనే తిప్పాలి. అడ్డంగా పడితే వేలికే తెలుస్తుంది, గన్నుకి తెలియదు. చివర్న స్పానరుతో ఒక చిన్న పట్టు. ఆయిల్ కొలిచి పోసి, డిప్‌స్టిక్ మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి.

‘అంతేనా మామా?’

‘ఇంకేం గావాల? కాఫీ దాగు.’

వారంటి = దీనికి శాస్త్రప్రమాణం ఉంది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల రూపాయలకి పైగా జరిమానా వేసింది. స్పేరు పార్టులు బయటి మెకానిక్కులకి అందకుండా కట్టడి చేశారన్నది అభియోగం. బయట రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం రద్దు అని గుండుగుత్తగా షరతు పెట్టొద్దని కూడా అందులో చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకి పోయాయి. అది కార్ల సంగతి, నాది బైకు. అయినా న్యాయం ఏ వైపున్నదో తెలియడానికి నాలుగు చక్రాలక్కర్లేదు. పద్యంలో ‘గల్లంతు’ అన్న మాట మాత్రం అడ్వైజర్ ఎక్కడా కాగితం మీద పెట్టడు, నోటితోనే అంటాడు. కాగితం మీద రాసివ్వమంటే మేనేజర్ సెలవులో ఉంటాడు. ఉచిత సర్వీసులున్నంత కాలం అక్కడే చేయించండి, నేనూ చేయిస్తాను. ఇంజెక్షన్ బండిలో సెన్సరు చెడితే స్కానరు వాళ్ల దగ్గరే ఉంది, దానికి దణ్ణం. గొడవ ఆయిల్ గురించి, వాషరు గురించి, గాజు తలుపు గురించి.

తాత్పర్యం: ఓ సారూ, మీ బండిని మాకు తెచ్చారు, మీరు చూడనిచోట ఏదో చేశాము, పైపైన తళతళలాడేట్టు కడిగాము, డబ్బు కట్టండి, మళ్లీ రండి, ఈ లోపల దాన్ని ముట్టుకోకండి అని భావం.

విశేషం: పాత ఆయిల్ విషయంలో మాత్రం షోరూమ్ పక్షమే గెలుస్తుంది. 2016 నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, వాళ్లు డ్రమ్ముల్లో పట్టి అనుమతి ఉన్నవాళ్లకి ఇవ్వాలి. మన వీధుల్లో దాన్ని కాలవలో పోస్తారు, చెదలకని గుంజ మొదట్లో పోస్తారు. గనులు సైనైడ్ దిబ్బలు మిగిల్చిపోయిన ఊరికి ఇంకో విషం అక్కర్లేదు. కొత్త ఆయిల్ ఖాళీ డబ్బాలోనే పాతది పట్టి, మూత బిగించి, డ్రమ్ము పెట్టుకున్న మెకానిక్కుకి ఇచ్చి రండి. డబ్బులడగొద్దు, ఇవ్వడు.