కొమ్ము విరిగిన కారు

అత్తిలిలో మా బాబాయికి నష్టం అనే మాటే గిట్టదు. గుళ్లో కొబ్బరికాయ కొట్టించి, చేతికొచ్చిన చిప్ప చిన్నదైతే రెండో చిప్ప వంక చూస్తూ నిలబడిపోతాడు. ఒకసారి గేదె బేరంలో కొమ్ము కొస విరిగుందని రెండు వేలు తగ్గించేశాడు. "పాలు కొమ్ములోంచి రావు కదండీ" అని అమ్మేవాడు మొత్తుకుంటే, "రేపు నేనమ్మితే ఇదే వంక పెడతారయ్యా" అన్నాడు.

అలాంటి మనిషి కారుకి సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థం నాడు సొట్ట పడింది. సార్వా కోతల రోజులు, దారి నిండా జనం, మధ్యలో ధాన్యం ట్రాక్టరొకటి వెనక్కొచ్చి ఎడమ తలుపు నొక్కేసింది. ఇన్సూరెన్సులో సొట్ట తీశారు, లప్పం పెట్టారు, రంగేశారు. బాబాయి జేబులోంచి పోయిందల్లా క్లెయిముకి వెయ్యి. పాలు పొంగినట్టు పొంగిపోయాడు.

ఆ పొంగు, కారు అమ్ముదామని పిలిపించిన తాడేపల్లిగూడెం బ్రోకరు వచ్చేదాకానే. అతను ఇంజను చూడలేదు, సీట్లు చూడలేదు. జేబులోంచి అయస్కాంతం తీసి తలుపుకి ఆనించాడు. అది జారి కింద పడింది.

"లప్పమండి. నలభై వేలు తగ్గుద్దండి."

"ఇంజను తలుపులో ఉండదు కదయ్యా!"

"రేపు నేనమ్మితే ఇదే వంక పెడతారండి."

పిన్ని చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికెళ్లిపోయింది.

ఆ రాత్రి అట్లాంటా నుంచి కొడుకు ఫోను. అక్కడ వాడి కారుని ఎవరో గుద్దితే, రిపేరు డబ్బులు కాక, తగ్గిన ధరకి వేరే చెక్కు ఇచ్చారట. అక్కడి జార్జియా రాష్ట్ర సుప్రీం కోర్టు 2001లోనే స్టేట్ ఫార్మ్ అనే ఇన్సూరెన్సు కంపెనీ కేసులో, సొంత పాలసీ మీదైనా సరే తగ్గిన విలువ కూడా లెక్కగట్టాల్సిందేనని తేల్చింది. బాబాయి తెల్లవార్లూ నిద్రపోలేదు.

పొద్దున్నే ఏజెంటు మీద పడ్డాడు. "బంపర్ టు బంపర్ అని కట్టించుకున్నావు. తలుపు ఆ రెండు బంపర్ల మధ్యే ఉంది కదా?" అది మార్చిన పార్టుల తరుగుకే వర్తిస్తుందనీ, ప్లాస్టిక్‌కీ రబ్బరుకీ సగం కోయకుండా ఇస్తారనీ, కారు ధర తగ్గితే మన దేశంలో పాలసీ ఇవ్వదనీ అతను ఓపిగ్గా చెప్పాడు. పైగా పాలసీలో కారు విలువ కట్టే ఐడీవీ కాగితం చూపించాడు: గుద్దినా గుద్దకపోయినా ఆరు నెలల్లోపే 5 శాతం, రెండేళ్లు దాటితే 30 శాతం తగ్గించి రాస్తారు. "నేను షెడ్డులో పెట్టి తాళం వేసినా తగ్గుద్దా?" అని బాబాయి గుండె పట్టుకున్నాడు. (నాకైతే ఈ ప్రశ్న న్యాయంగానే తోచింది.)

జాలిపడి ఏజెంటు ఒక దారి చెప్పాడు. మోటారు వాహనాల చట్టం 165వ సెక్షన్ కింద థర్డ్ పార్టీ ఆస్తికి జరిగిన నష్టానికి ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. గుద్దిన బండి యజమాని మీదా, దాని ఇన్సూరెన్సు మీదా దావా వేసి, తగ్గిన ధర రుజువు చేసుకుంటే అడగొచ్చు.

బాబాయి మొహం వెలిగి, వెంటనే ఆరిపోయింది.

"ట్రాక్టరెవరిదండి?"

"మనదే."

యజమానీ ఆయనే, నష్టపోయిందీ ఆయనే. థర్డ్ పార్టీ అనడానికి మూడో మనిషే లేడు. ట్రాక్టరు తోలిన పాలేరు జీతంలో కోద్దామంటే, "వెనక్కి రా, రా అని చెయ్యి ఊపింది మీరే కదండీ" అన్నాడు వాడు.

కారు ఇంకా షెడ్డులోనే ఉంది. కావలసినవాళ్లు అత్తిలి రండి. అయస్కాంతం సంగతి నేను చెప్పానని మాత్రం ఆయనతో అనకండి.