కండెమ్నేషన్ కమిటీ వారికి ఒక మెకానిక్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన కండెమ్నేషన్ కమిటీ చైర్మన్ గారికి, సభ్యులకు,

విషయం: ‘స్లో’ అన్న నేరం మీద కంప్యూటర్లకు తమరు వేసిన తుక్కు శిక్షను నిలిపివేయవలసిందిగా విన్నపం.

సూచిక: తమ ఆఫీసు నోటీసు బోర్డు మీద, పోయిన సంక్రాంతి సెలవుల సర్క్యులర్ కింద సగం దాక్కున్న వేలం ప్రకటన.

అయ్యా,

తమ సంతకం విలువ నాకు తెలుసు. అది పడితే బీరువా అయినా బల్ల అయినా ఆ రోజుకే తుక్కు. ఈసారి జాబితా పూర్తిగా చదివాను. కాళ్లు విరిగిన కుర్చీల తర్వాత, అడుగు తుప్పు పట్టిన కూలర్‌కు ముందు, కంప్యూటర్లు వరసగా ఉన్నాయి. ‘కండెమ్ చేయుటకు కారణం’ అన్న గడిలో మొదటిదానికి ‘స్లో’ అని రాశారు. మిగతావాటికి కిందిదాకా ‘డిటో’. ఆ డిటోల మీదే నా అభ్యంతరం.

కుర్చీ కాలు విరిగితే కంటికి కనబడుతుంది. కంప్యూటరు ఎందుకు స్లో అయిందో మూత తీస్తే గాని తెలియదు. తమ కమిటీలో మూత తీసినవారు ఎవరూ ఉన్నట్టు లేదు. స్టాక్ నంబరు రాసినప్పుడు స్క్రూల మీద పడ్డ తెల్ల పెయింటు ఇంకా చెక్కుచెదరలేదు.

అందుకని వాటిలో ఒకదాన్ని తమ స్టోర్ కీపర్ గారి అనుమతితో నా షాపుకు తెచ్చుకున్నాను. (అనుమతి నోటిమాటే. దయచేసి ఆయనకు మెమో ఇవ్వకండి.) మూత తీస్తే ముందు దుమ్ము, తర్వాత బల్లి గుడ్ల పెంకులు, ఆ తర్వాత బోర్డు కనబడ్డాయి. ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్, రెండో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. 2011 తర్వాత కొన్నేళ్లపాటు ఏ ఆఫీసులో, ఏ స్కూలు ల్యాబులో చూసినా ఉన్న సరుకే ఇది. కెపాసిటర్లు ఉబ్బలేదు, ఫ్యాను తిరుగుతోంది. ఆన్ చేసి, అది మాట వినేదాకా ఓపిక పట్టి, టాస్క్ మేనేజర్ తెరిచాను. ప్రాసెసర్ దగ్గర పది శాతం లోపు. డిస్కు దగ్గర వంద. ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే వంద. దోషి పేరు అక్కడే రాసి ఉంది. తమరు ఉరి తీయబోతున్నది పక్కవాణ్ని.

పాత హార్డ్ డిస్కులో పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 120 చుట్లు. కావలసిన ముక్క ఉన్న వరసకు ముల్లు చేరడానికి ఎనిమిది, తొమ్మిది మిల్లీసెకన్లు. ఆ ముక్క తిరిగి ముల్లు కిందికి రావడానికి సగటున ఇంకో నాలుగు. ఈ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని సెకనుకు ఎనభైకి అటూ ఇటూగా తప్ప ఏరి తేలేదు. విండోస్ లేచేటప్పుడు అడిగేవి వేలల్లో ఉంటాయి. తమ రికార్డు రూములో ఒకే అటెండరు ఉండి, అన్ని సెక్షన్ల వాళ్లూ ఒకేసారి ఫైళ్లు అడిగితే ఏమవుతుందో తమరికి నేను చెప్పక్కర్లేదు. ఆ డిస్కు బదులు పెట్టే ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లెమూ లేదు, కదిలే ముల్లూ లేదు. ముక్క ఎక్కడున్నా మిల్లీసెకనులో పదో వంతుకే చేతికొస్తుంది. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా బృందం 1987లో లోకానికి చూపించిన నాండ్ ఫ్లాష్ రకం చిప్పులే అందులో ఉండేవి. తమరి జేబులోని ఫోనులో ఉన్నదీ ఆ జాతే.

నేను బిగించింది బజారులో దొరికే అడుగు రకం, 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ. కంపెనీ పేరు చెప్పను. చెబితే రేపు తమ ఆఫీసుకు మూడు కొటేషన్లూ దాని మీదే వస్తాయి. అట్ట మీద సెకనుకు 500 ఎంబీ అని గొప్పగా వేసుకున్నాడు. హెచ్61 బోర్డు మీద ఆ గొప్ప సాగదు. ఆ చిప్‌సెట్‌లో ఉన్నవన్నీ సాటా-2 పోర్టులే, 270, 280 దాటవు. దీనికి రెట్టింపు ధర పెట్టి కొన్నా అక్కడే ఆగుతుంది. పాత బోర్డుకు చవకది చాలని నేననేది అందుకే. వేగం అనిపించేది ఆ పెద్ద అంకె వల్ల కాదు, చిన్న ముక్కలు వెంటనే అందడం వల్ల.

బిగించడం పెద్ద విద్య కాదు. డబ్బా 2.5 అంగుళాలది, గూడు 3.5 అంగుళాలది. బ్రాకెట్ ఉంటే సరే, లేకపోతే డబుల్ సైడ్ టేపు అంటించినా చాలు. తిరిగేదేమీ లేదు గనక అదరదు. బయోస్‌లోకి వెళ్లి సాటా మోడ్ ఐడీఈలో ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చి, అప్పుడు విండోస్‌ను కొత్తగా ఎక్కించాలి. ముందు విండోస్ ఎక్కించి తర్వాత మోడ్ మార్చితే నీలి తెర పలకరిస్తుంది. ఎక్స్‌పీ రోజుల నాటి పార్టిషన్‌ను అలాగే కాపీ చేయకూడదు. అది 63వ సెక్టారు దగ్గర మొదలవుతుంది, ఎస్ఎస్‌డీ లోపలి అరలకు పొసగదు. కొత్తగా కొడితే 2048 దగ్గర మొదలై సరిగ్గా కూర్చుంటుంది.

ఇంతకుముందు స్విచ్ వేసి టీ తాగి వచ్చేంత సేపు పట్టింది, ఇప్పుడు టీ చెప్పేలోపే డెస్క్‌టాప్ వచ్చింది. ప్రాసెసర్ అదే, ర్యామ్ అదే, బల్లి గుడ్ల పెంకులు మాత్రం తీసేశాను.

అయితే చవక సరుకును కళ్లు మూసుకుని నమ్మమని నేను చెప్పను. పరీక్ష పెట్టాను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూస్తే అది ఎన్ని గంటలు నడిచిందో కనబడుతుంది. కొత్తదని అమ్మినదానికి ఆ అంకె సున్నా దగ్గర్లో ఉండాలి. తర్వాత ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాముతో డిస్కు మొత్తం నింపి, రాసింది రాసినట్టు తిరిగి చదివించాను. బజారులో ఒక టీబీ అని అట్ట వేసి లోపల చిన్న చిప్పు పెట్టి, ఫర్మ్‌వేర్ చేత అబద్ధం చెప్పించే సరుకు ఉంది. నింపి చూస్తే తప్ప అది దొరకదు.

అసలు నిజం బయటపడేది పెద్ద కాపీలో. చవక ఎస్ఎస్‌డీలో సొంత డీర్యామ్ ఉండదు. చిప్పులోని ఒక్కో మెమరీ గదిలో మూడు బిట్లు, కొన్నిట్లో నాలుగు కుక్కుతారు. నాలుగంటే ఒకే గదిలో పదహారు రకాల ఛార్జిని విడివిడిగా గుర్తుపట్టాలి. అది నెమ్మది పని. ఆ నెమ్మది బయటపడకుండా, ఎస్ఎస్‌డీ కొంత జాగాను ఒక బిట్టు పద్ధతిలో తాత్కాలికంగా వాడుకుంటుంది. అది నిండేదాకా పరుగే. పెళ్లి వీడియోల ఫోల్డరు ఒకటి దాని మీదికి తోలాను. మొదట సెకనుకు 250 ఎంబీ దగ్గర పరుగెత్తి, దారిలో ఒక్కసారిగా 70కి పడిపోయి, చివరిదాకా అలాగే ఈడ్చుకుంటూ వచ్చింది. ఆ క్షణంలో అది తమ పాత హార్డ్ డిస్కు కన్నా అధ్వాన్నం. వీడియో ఎడిటింగ్ చేసేవాడికి దీన్ని అమ్మను. తమ ఆఫీసులో మాత్రం రాసేవి మెమోలు, జీతాల బిల్లులు. వాటికి ఆ జాగా ఏనాడూ నిండదు.

అరిగిపోతుందని ఎవరో ఒక సభ్యులు అడుగుతారు, తెలుసు. పేరున్న కంపెనీలు టీబీడబ్ల్యూ అని ఒక హామీ రాస్తాయి, ఎంత రాసేదాకా పూచీ అన్నది. కింగ్‌స్టన్ ఏ400 240 జీబీకి అది 80 టీబీ. రోజుకు 20 జీబీ రాసినా నాలుగు వేల రోజులు, అంటే దాదాపు పదకొండేళ్లు. తమ ఆఫీసు రోజుకు అందులో పదో వంతు రాస్తుందన్న నమ్మకం కూడా నాకు లేదు. (కోపం వద్దు.) అసలు భయం వేరే ఉంది. ఈ చవక వాటిలో హఠాత్తుగా కరెంటు పోతే కాపాడే కెపాసిటర్లు ఉండవు, కాబట్టి యూపీఎస్‌లో చచ్చిన బ్యాటరీని ముందు మార్చండి. బాగా అరిగిన ఎస్ఎస్‌డీని కరెంటు లేకుండా బీరువాలో పడేస్తే లోపలి ఛార్జి మెల్లగా కారిపోతుంది. జెడెక్ ప్రమాణం ప్రకారం, హామీ అంతా వాడేసిన మామూలు ఎస్ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటాను నిలబెట్టుకుంటే చాలు. రెంటచింతల ఎండలో తాళం వేసిన గది 30 డిగ్రీలు ఉండదని తమరికీ తెలుసు. రికార్డులు దాచడానికి ఇది పనికిరాదు, రోజూ నడిపేదానికే.

ఇంకొక సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత ఆడిట్ వాళ్లు నా మీద పడకుండా. అట్ట మీద 240 అని ఉంటుంది, విండోస్ 223 అని చూపుతుంది. పదిహేడు జీబీ మెకానిక్ తినలేదు. కంపెనీ వెయ్యితో గుణిస్తుంది, విండోస్ 1024తో భాగిస్తుంది. స్టాక్ రిజిస్టర్‌లో అట్ట మీది అంకే ఎక్కించండి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఈ రెండో తరం ఐ3ని అధికారికంగా గడప తొక్కనివ్వదు. ఎస్ఎస్‌డీ పెట్టినంత మాత్రాన ఆ లోటు తీరదు. ఇంటర్నెట్ పని చేసే వాటిలో లినక్స్ వేయండి. సీ-డాక్ వారి బాస్ ఉంది, లినక్స్ మింట్ ఉంది. ఇక్కడ పెద్ద చిక్కల్లా అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో నోటీసులు కొట్టే మన టైపిస్టు గారు. ఆయన ముప్పయ్యేళ్ల వేళ్లను ఇప్పుడు యూనికోడ్‌కు తిప్పమంటే సెలవు పెడతారు. ఆయన సిస్టమ్‌కు విండోస్ ఉంచి, నెట్ వైరు పీకేయండి. కెపాసిటర్లు ఉబ్బినవి, డీడీఆర్-2 ర్యామ్ రెండు జీబీతో మూలిగేవి కొన్ని ఉంటాయి. వాటికి నేను అడ్డం రాను, తీసుకుపోనివ్వండి.

కాబట్టి నేను కోరేది ఇంతే. తమ ప్రొఫార్మాలో ‘కారణం’ పక్కన ఇంకొక గడి గీయండి: ‘ఎస్ఎస్‌డీ పెట్టి చూశారా?’ ఒక్క ఎస్ఎస్‌డీ కొని, మెకానిక్ చేతికిచ్చి, జాబితాలో ఉన్న ఒక్కోదానికీ మార్చి మార్చి పెట్టించండి. బతికేవి ఏవో, చచ్చినవి ఏవో తేలిపోతుంది. అది తేలేదాకా వేలం ఆపండి.

ఒకవేళ వేలమే ఖాయమనుకుంటే ఒక మాట వినండి. నేను విప్పిన సిస్టమ్‌లోని హార్డ్ డిస్కులో సిబ్బంది జీతాల పట్టీలు, బ్యాంకు ఖాతా నంబర్లు, ఆధార్ జిరాక్సుల స్కాన్లు అలాగే ఉన్నాయి. పైపైన ఫార్మాట్ కొడితే అవి పోవు, ఉచిత రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా లాగుతారు. డిస్కు మొత్తం మీద మొదటి నుంచి చివరిదాకా సున్నాలు రాయించాలి, రాత్రి పెట్టి వెళితే పొద్దుటికి అయిపోతుంది. ఆ పని చేయకుండా ఒక్క సీపీయూ కూడా తమ గేటు దాటనివ్వకండి.

ఇట్లు,
తమ విధేయుడు,
స్క్రూడ్రైవర్ తప్ప వేరే హోదా లేని మెకానిక్

నకలు: స్టోర్ కీపర్ గారికి. విప్పిన డిస్కు నా దగ్గర కవరులో ఉంది, సంతకం చేసి తీసుకెళ్లగలరు.