భోగి దొంగలకు సమాజ సేవ

గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు భోగి మంటంటే సగం కొన్న కట్టె, సగం కొట్టేసిన కట్టె. ముందురోజు రాత్రి పిల్లమూక బయల్దేరిందంటే విరిగిన నాగలి, ఊడిన తడిక, ఆరుబయట మరచిన నులకమంచం... ఏదీ దక్కేది కాదు. తెల్లారగట్ల చలి కాచుకోడానికొచ్చిన పెద్దాయన మంటలో తన మంచంకోడు గుర్తుపట్టి, తిట్లు లంకించుకుంటూనే చేతులు మాత్రం మంటకేసి చాపేవాడు. కేసు అక్కడితో కొట్టివేత!

ఇప్పుడలా కుదరదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత, 303వ సెక్షన్ చూడండి. సొత్తు 5,000 రూపాయల లోపుదై, దొంగకదే తొలిసారై, సొత్తో దాని విలువో తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవే. (ఏడేళ్ల లోపు బుడతలకు అదీ లేదు.) మంచంకోడు తిరిగివ్వాలంటే బూడిద ఏ సంచిలో పోసివ్వాలో మాత్రం రాయలేదు.

మరి 5,000 దాటి, సున్నాలు లెక్కపెట్టలేనంత వెనకేసినవాళ్ల సంగతంటారా? వాళ్లు శిక్ష పడకముందే సమాజ సేవలో ఉన్నారండీ. ఐదేళ్లకోసారి ఇంటింటికీ వచ్చి పొడిగింపు కూడా అడుగుతున్నారు!