ముందు మెట్లు పీకేయండి

చవకలో ఫ్రెట్‌లెస్ బేస్ గిటార్ కావాలని వచ్చినవాళ్లు ముందు ఏ కంపెనీది కొనాలని అడుగుతారు. ఫ్రెట్‌లెస్ అని రాసి ఉన్నది ఏదీ కొనొద్దంటాను. మెట్లున్న మామూలు బేసే, సెకండ్ హ్యాండ్‌లో మీకు దొరికిన అతి చవకది తెచ్చుకోండి. నెక్ మెలి తిరగకుండా ఉంటే చాలు. పెయింటు పోయినా, వాల్యూమ్ నాబ్ గరగరలాడినా పట్టించుకోవద్దు. ఆ మెట్లు మీ చేత్తో మీరే పీకండి. గిటార్లు బాగుచేసేవాళ్లు ఈ మాట వింటే తల అడ్డంగా ఊపుతారు, తెలుసు. పదకొండేళ్లలో ఆరు బేసుల మెట్లు పీకాను, ఇప్పటికీ ఇదే చెబుతాను.

ఇది నేను కనిపెట్టిన దారి కాదు. 1961లో, ఇంకా రోలింగ్ స్టోన్స్‌లో చేరని రోజుల్లో, బిల్ వైమన్ ఒక చవక బేస్ కొన్నాడు. మెట్లు సరిగా లేవని పీకేశాడు. కొత్తవి వేయిద్దామనే అనుకున్నాడు కానీ, మెట్లు లేకుండా పలికిన గొంతు నచ్చి అలాగే ఉంచేసుకున్నాడు. షాపులో అమ్మడానికంటూ తయారైన మొదటి ఫ్రెట్‌లెస్ ఎలక్ట్రిక్ బేస్‌ను ఆంపెగ్ వాళ్లు 1966లో తెచ్చారు, ఫెండర్ వాళ్లది 1970లో వచ్చింది. కంపెనీల కంటే ముందు ఈ పని చేసింది చేతిలో డబ్బు లేని కుర్రాడే.

ఇక పని. తీగలు విప్పి పక్కన పెట్టండి. ఇరవై అయిదు వాట్ల సోల్డరింగ్ ఐరన్ వేడెక్కాక మెట్టు మీద ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా జరపండి. చెక్కలోని పాత జిగురు, నూనె మెత్తబడతాయి. చిన్న పొగ, కాస్త కాలిన వాసన వస్తాయి. అప్పుడు కటింగ్ ప్లయర్ ముక్కును మెట్టు చివర కిందికి దూర్చండి. ఆ ముక్కును ముందే గ్రైండింగ్ రాయి మీద చదును చేయించుకుని ఉండాలి. పట్టుకుని లాగొద్దు. నొక్కండి. నొక్కితే మెట్టు దానంతటదే వెంట్రుకవాసి లేస్తుంది. వెంట్రుకవాసి జరిగి మళ్లీ నొక్కండి. మెట్టు కిందున్న ముల్లు రోజ్‌వుడ్‌ను విడిచేటప్పుడు చిట్ చిట్ మని సన్నగా వినిపిస్తుంది. తొందరపడితే గాడి అంచున చెక్క పెచ్చు లేస్తుంది. నా మొదటి బేస్‌లో ఏడో మెట్టు దగ్గర అర గోరంత పెచ్చు ఎగిరి మంచం కింద పడింది. టార్చ్ వేసి వెతికి, ఫెవిక్విక్ చుక్కతో అతికించాను. ఇవాళ ఆ అతుకు ఎక్కడుందో నాకే కనిపించదు. నలభై వేల బేస్ మీద ఇదే జరిగితే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. చవకది కొనమన్నది అందుకే.

మెట్లన్నీ పోయాక ఇరవయ్యో ఇరవై ఒకటో ఖాళీ గాళ్లు మిగులుతాయి. వాటిని అలా వదిలేస్తే నెక్ తీగల లాగుడుకు ముందుకు వంగుతుంది. ఇంతకాలం ఆ గాళ్లలో బిగిసిన మెట్ల ముళ్లే దానికి కొంత దన్ను. కాబట్టి పూడ్చాలి. ఇక్కడే అందరూ తెల్లటి పూతో లేత చెక్కో పెట్టి గీతలు కనిపించేలా చేసుకోమంటారు, గీత చూసి వేలు పెట్టొచ్చని. వద్దు. ప్లైవుడ్ షాపులో రోజ్‌వుడ్ వెనీర్ ముక్క అడగండి. దాని మందం అర మిల్లీమీటరు ఉంటుంది, గాడి వెడల్పూ ఇంచుమించు అంతే. బ్లేడుతో సన్నటి పట్టీలు కోసి, ఫెవికాల్ పూసి గాడిలోకి దింపండి. ఆరాక పైకి మిగిలింది ఉలితో చెక్కేయండి. ఫింగర్‌బోర్డు రంగులో కలిసిపోవాలి. గీత కనిపించకూడదు.

అప్పుడు వేలు ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుందని అడుగుతారు. ఆ ప్రశ్న వయొలిన్ నేర్చుకునే ఏడేళ్ల పాపను ఎవరూ అడగరు. ద్వారం వెంకటస్వామినాయుడుగారికి చూపు సరిగా లేదు. ఆయన వయొలిన్‌తో విజయనగరం సంగీత కళాశాలకు పేరు తెచ్చారు, 1936లో అక్కడ ప్రిన్సిపాల్ అయ్యారు. పైగా లెక్క వేసి చూస్తే బేస్ వయొలిన్ కంటే దయగలది. బేస్ తీగ నట్ నుంచి బ్రిడ్జ్ దాకా 34 అంగుళాలు, అంటే 864 మిల్లీమీటర్లు. అందులో మొదటి అర స్వరానికి 48 మిల్లీమీటర్ల పైచిలుకు చోటుంది. వయొలిన్ మీద అదే అర స్వరం 18 మిల్లీమీటర్లలో ఇరుక్కుంటుంది. వేలు రెండు మిల్లీమీటర్లు పక్కకు పడితే వయొలిన్ బయటపెట్టేస్తుంది, బేస్ చాలావరకు కాచుకుంటుంది. ఇంత చోటున్న వాద్యానికి గీతలెందుకు? గీత ఉంటే కన్ను దాని మీదే ఉంటుంది, చెవి పని చేయడం మానేస్తుంది. కంపెనీవాళ్లు తెల్ల గీతలతో ఇచ్చిన ఫ్రెట్‌లెస్ ఇప్పటికే మీ దగ్గరుంటే, చెక్క బోర్డు అయితే ఆ గీతలను కూడా తోడి నల్లవి పెట్టుకోండి.

నెక్ పక్కన ఉండే చుక్కల సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నాను. మెట్లున్న బేస్‌లో ఆ చుక్కలు రెండు మెట్ల మధ్యలో ఉంటాయి. మెట్లు పోయాక స్వరం పలికే చోటు ఒకప్పుడు మెట్టు ఉన్నచోటే, చుక్క దగ్గర కాదు. చుక్క చూసి వేలు పెడితే మూడో మెట్టు స్వరం తగ్గుగా పలుకుతుంది, ప్రతిసారీ. నల్ల నెయిల్ పాలిష్‌తో అన్నీ చెరిపేయండి. ఒక్కటి మాత్రం కొత్తగా పెట్టుకోండి, నట్ నుంచి సరిగ్గా 432 మిల్లీమీటర్ల దగ్గర. అది తీగ సగం, పై స్థాయి మొదలయ్యే చోటు. మిగతావన్నీ దాన్నుంచి చెవితో వెతుక్కోవాలి.

తర్వాత బోర్డు చదును చేయడం. డబ్బంతా, ఓపికంతా ఇక్కడ పెట్టండి. కిటికీలు చేసే షాపులో రెండడుగుల అల్యూమినియం సెక్షన్ ముక్క తెచ్చుకోండి. స్టీలు స్కేలు ఆనించి చూసి వంకర లేనిదే తీసుకోండి. దానికి ఉప్పుకాగితం అంటించండి. ట్రస్ రాడ్ తిప్పి నెక్‌ను దారంలా నిటారు చేశాక, ఆ సెక్షన్‌ను తీగ వెళ్లే దారి వెంటే పొడుగ్గా నడపండి, అడ్డంగా ఎప్పుడూ వద్దు. బోర్డు ఒంపు చెడకుండా ఉండేది ఇలాగే. ముందు 180, తర్వాత 400, 800, 1500 నంబర్లు. తెల్ల పెన్సిల్‌తో బోర్డంతా గీతలు గీసి రుద్దండి. పెన్సిల్ ఎక్కడ మిగిలితే అక్కడ పల్లం. ఆ పల్లం పోయేదాకా మిగతాదంతా దిగాలి. నాకు రెండు ఆదివారాలు పట్టింది. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, రోజ్‌వుడ్ పొడి గొంతుకు, చర్మానికి మంచిది కాదు.

నట్ మార్చొద్దు. ఎముకది వేయించమంటారు, ఇత్తడిది వేయించమంటారు. ఉన్న ప్లాస్టిక్ నట్ చాలు. దాని గాళ్లు మెట్ల ఎత్తు కోసం కోసినవి కాబట్టి ఇప్పుడు తీగ గాల్లో ఉంటుంది. పాత బేస్ తీగనే ఆకురాయిలా ఆ గాడిలో ముందుకూ వెనక్కూ లాగండి. తీగకూ బోర్డుకూ మధ్య ఒక విజిటింగ్ కార్డు మాత్రమే దూరేంత వరకు దింపి ఆపండి. బ్రిడ్జ్ దగ్గర సాడిల్స్ పూర్తిగా కిందికి దించినా తీగ ఇంకా ఎత్తుగానే ఉంటే, నెక్ విప్పి అది కూర్చునే గూట్లో బ్రిడ్జ్ వైపు చివర అట్టముక్క పెట్టండి. నేను మా అక్క పెళ్లి శుభలేఖ కత్తిరించి పెట్టాను. అట్ట పెడితే చెక్క నాదం చచ్చిపోతుందంటారు. పెట్టి వినండి, తీసి వినండి. నాకు తేడా వినిపించలేదు. వినిపించిందన్నవాళ్లెవరూ కళ్లు మూసుకుని చెప్పలేకపోయారు.

తీగలు ఎంత దించాలంటే, ఇక రొదే మిగులుతుందేమో అని భయం వేసేంత. మెట్లున్న బేస్‌లో తీగ లోహం తాకి గరగరలాడితే తప్పు. ఇక్కడ ఆ తాకిడే గొంతు. వేలి కింద నుంచి తీగ బోర్డుకు ఆనీ ఆనకుండా చాలా దూరం వెళ్తుంది, కంపించినప్పుడల్లా చెక్కను నాకుతుంది. స్వరం పుట్టగానే నోరు తెరిచినట్టు ‘మ్వా’ అని విచ్చుకునేది అందుకే. నా బేస్‌లో ఆ 432 చుక్క దగ్గర మందపు తీగ రెండు మిల్లీమీటర్లు, సన్న తీగ ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్నాయి. నెక్ ఒంపు దాదాపు సున్నా. ఇంతకంటే ఎత్తుగా ఉంటే ఆ గొంతు మూగబోతుంది.

తీగల దగ్గర నా మాట అసలు నచ్చదు ఎవరికీ. ఫ్రెట్‌లెస్ అంటే నున్నటి ఫ్లాట్‌వూండ్ వేయాలని, లేదంటే నైలాన్ చుట్టినవి వేయాలని చెబుతారు, గరుకు తీగలు చెక్కను తినేస్తాయని. తింటాయి, నిజమే. గరుకు తీగలే వేయండి. జాకో పాస్టోరియస్ తన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్ మీద గరుకు రోటోసౌండ్ తీగలే వాయించాడు. 1976లో వచ్చిన అతని మొదటి ఆల్బమ్ వింటే ఆ పాడే గొంతు ఎక్కడిదో అర్థమవుతుంది. చెక్క అరగకుండా అతను పడవలకు పూసే ఎపాక్సీ పూశాడు. అందరూ అతని ఎపాక్సీనే ఆదర్శంగా తీసుకుంటారు. నేను తీగలు తీసుకుని ఎపాక్సీ వదిలేశాను. రెసిన్ పూత మీద స్వరం అద్దంలా మెరుస్తుంది. ఉత్త చెక్క మీద కాస్త బొంగురుగా, ఊపిరితో వస్తుంది. మనిషి గొంతుకు దగ్గరగా ఉండేది రెండోదేనని నాకనిపిస్తుంది. బోర్డు అరుగుతుంది. ఏడాదికోసారి తీగలు విప్పి మళ్లీ అల్యూమినియం సెక్షన్ నడపాలి. నాలుగేళ్లలో నా బోర్డు అర మిల్లీమీటరు తగ్గింది, వెర్నియర్ పెట్టి చూశాను. ఇంకా చాలా చెక్క ఉంది.

పికప్‌ల మీద రూపాయి పెట్టొద్దు. నేను పెట్టాను. ఒక షాపులో కొత్త పికప్‌లు, బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ వేయించుకుంటే తొమ్మిది వేలు తీసుకున్నారు. బోర్డు ఎలా ఉందో చేత్తో ముట్టుకుని చూడలేదు. ఇంటికొచ్చి వాయిస్తే అదే మూగ స్వరం ఇంకా గట్టిగా వినిపించింది. పికప్ తీగ చేసే పనిని వింటుంది, అంతే. తీగ ఏమీ చేయకపోతే దానికి వినడానికేముంది? నెలకు పాతవే మళ్లీ పెట్టుకున్నాను. స్క్రూడ్రైవర్‌తో నెక్ వైపు పికప్‌ను కిందికి దించి, బ్రిడ్జ్ వైపుది తీగకు దగ్గరగా లేపండి. జాజ్ బేస్ లాంటిదైతే బ్రిడ్జ్ వైపు వాల్యూమ్ పూర్తిగా, రెండోది సగం పెట్టండి. ఖర్చు లేదు, కావలసిన గొంతు అక్కడే ఉంది.

ఇదంతా అయ్యాక మెట్లున్న మీ పాత బేస్ ఇంట్లో ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి. కనీసం ఏడాదికి. పక్కన ఉంటే ఆదివారం పొద్దున చెయ్యి దాని మీదికే వెళ్తుంది. నేను మాది మా మేనల్లుడికి ఇచ్చి, మెట్లు పీకిన వారానికే ఈ బేస్‌తో చర్చికి వెళ్లాను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా కీర్తనల పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. మెట్ల బేస్‌తో వాటి కింద ఇన్నేళ్లు మెట్టుమెట్టుకీ గెంతుతూ వాయించాను. వీణకు ఇరవై నాలుగు మెట్లున్నా వైణికులు తీగను పక్కకు లాగి గమకం పలికిస్తారు. లావాటి బేస్ తీగ అంత సులువుగా లాగనివ్వదు, జారాల్సిందే. ఆ ఆదివారం మొదటి పాటలో రెండు చోట్ల తగ్గు పలికింది. రెండో పాట చరణం చివర గాంధారం నుంచి షడ్జమానికి జారాను. ఆరాధన అయ్యాక కీబోర్డ్ వాయించే అన్న దగ్గరికొచ్చి, “తమ్ముడూ, ఆ చివర జారావే, వచ్చే వారం కూడా అక్కడ అలాగే చెయ్యి” అన్నాడు. తగ్గిన రెండు చోట్ల గురించి ఏమీ అనలేదు.

ఇంట్లో సాధనకు ట్యూనర్ వాడొద్దు. నెక్ తలకు తగిలించే ఆ క్లిప్ కూడా కంటికే పని చెబుతుంది. ఫోన్‌లో తంబురా యాప్‌ను ఆరో శ్రుతిలో, అంటే ఎ స్వరంలో పెట్టండి. ఎ తీగను దానికి కలపండి. రెండూ కలవనంత సేపు గాలి అలలు అలలుగా కొట్టుకుంటుంది, కలిశాక నిలకడగా ఆగుతుంది. పంచమం కూడా అలాగే ఆగుతుంది. గది చీకటి చేసుకుని ఆ ఆగడం కోసం వెతకండి, రోజూ ఇరవై నిమిషాలు. పక్కగదిలో వాళ్లు విసుక్కుంటే తలుపేసుకోండి.

ఒక మాట మరిచిపోయాను. ఉప్పుకాగితం రుద్దినప్పుడు రాలిన రోజ్‌వుడ్ పొడి ఊడ్చి పారేయకండి. ఖాళీ జండూబామ్ సీసాలో పోసి మూత పెట్టి ఉంచండి. పెచ్చు ఎగిరి దొరకని చోట ఆ పొడి నింపి, మీద ఫెవిక్విక్ చుక్క వేస్తే అదే చెక్క, అదే రంగు. నా దగ్గర రెండు సీసాలు నిండాయి. ఏడో మెట్టు గాడి పక్కన కిందటి నెల కొత్తగా ఒక చిన్న గుంట కనిపించింది. వచ్చే ఆదివారం చర్చి నుంచి వచ్చాక సీసా తీయాలి.